మెసాబీ: ఒక మహాకాయుడి పేరూ, ఒక ఇనుప గనీ

జానపద వాఙ్మయంమీద మన విశ్వవిద్యాలయాలలో జరిగే పరిశోధనకు ఒక అలవాటు వుంది. కథను సేకరిస్తారు. దాని రూపాంతరాలు చూపిస్తారు. ఏ దేశపు కథతో పోలిక వుందో చెప్పి, దాన్ని ఒక వర్గంలో చేరుస్తారు. ఆ కథ పుట్టిన నేల ఎవరి చేతిలో వుండేది, ఎప్పుడు ఎవరి చేతికి మారింది అన్న ప్రశ్న మాత్రం సాహిత్య విద్యార్థిది కాదని వదిలేస్తారు. అదేదో రెవెన్యూ శాఖవారి పని అన్నట్లు. ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని, ఒకదాన్ని వదిలితే రెండోది అర్థం కాదని నా అభిప్రాయం. తెలుగు సాహిత్యం బోధించే నేను, ఇంత దూరాన వున్న ఒక అమెరికన్ ఇనుప గని చరిత్రను ఇక్కడ చెప్పబూనుకోవటానికి కారణం అదే.

ఆ గని పేరు మిస్సాబె మౌంటెన్. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరభాగాన, సుపీరియర్ సరస్సుకు వాయవ్యంగా, వర్జీనియా అనే చిన్న పట్టణాన్ని ఆనుకొని వుంది (ఇది అదే పేరుగల రాష్ట్రం కాదు). అది వున్న పర్వతశ్రేణి పేరు మెసాబీ. మిస్సాబె, మెసాబా, మెసాబీ అని తెల్లవాళ్లు రకరకాలుగా రాసుకున్న ఈ మాట అసలు ఒజిబ్వే భాషలోని ‘మిసాబే’. అంటే మహాకాయుడు, భీమకాయుడు. ఆ కొండ వాళ్లకు మహాకాయుడి కొండ.

కొండలకు ఇలాంటి పేర్లు పెట్టటం మనకు కొత్తకాదు. ఊరికొక భీముని పాదం, పాండవుల గుట్ట, రాకాసి బండ మనకూ వున్నాయి. తెలంగాణలోనూ, రాయలసీమలోనూ కనిపించే ప్రాచీన శిలాసమాధులను మన పల్లెజనం రాకాసి గూళ్లు అన్నారు. అంతటి బండలను ఎత్తి నిలబెట్టటం మామూలు మనుషులవల్ల కాదని వాళ్ల ఊహ. పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్విచూస్తే అనేకచోట్ల ఆ గూళ్లలో ఇనుప పనిముట్లు దొరికాయి. అంటే మనవాళ్లు రాకాసులన్నది ఇనుము వాడటం నేర్చిన తొలి తరాల మనుషులను! శ్రమ చేసినవాణ్ణి మరచిపోయినచోట రాకాసి పుడతాడు. ఈ సంగతి గుర్తుంచుకొని మెసాబీకి వెళదాం.

1. పేరు పెట్టినవాళ్లు

ఒజిబ్వేలు తమను తాము అనిషినాబేలని పిలుచుకుంటారు. సుపీరియర్ సరస్సు చుట్టూ వున్న అడవులలో వేట, చేపలు, సరస్సులలో దానంతటదే పండే అడవి వరి, మేపుల్ చెట్ల నుంచి తీసే చక్కెర వారి జీవనాధారం. మెసాబీ శ్రేణి పెద్ద ఎత్తయిందేమీ కాదు. కాని మూడు మహా పరీవాహ ప్రాంతాలు కలిసే గట్టు అక్కడ వుంది. హిబ్బింగ్ పట్టణం దగ్గరి ఒక మిట్టమీద పడిన వానచినుకు ఒకవైపు జారితే హడ్సన్ అఖాతానికీ, మరొకవైపు జారితే అట్లాంటిక్ సముద్రానికీ, ఇంకొకవైపు జారితే మెక్సికో సింధుశాఖకూ చేరుతుంది. అటువంటిచోట ఒక మహాకాయుడు వున్నాడని ఊహించటంలో మూఢత్వం ఏమీ లేదు. పడవమీద ప్రయాణించే జాతికి ఆ మిట్ట ఎంత ముఖ్యమో ఆ పేరే చెబుతుంది.

ఒక చిన్న తేడా గమనించాలి. మన కథలలో రాకాసి సాధారణంగా మనిషిని తినేవాడు. వారి మిసాబేను అట్లా ఒక్కమాటతో తేల్చలేం. ఈనాడు అనిషినాబేలు తమ పిల్లలకు చెప్పే ఏడు ఉపదేశాలలో ఒక్కొక్క గుణానికి ఒక్కొక్క ప్రాణి గుర్తు: ధైర్యానికి ఎలుగుబంటి, ప్రేమకు గద్ద, వివేకానికి బీవరు. నిజాయితీకి గుర్తు సాబే అనే ఆ మహాకాయుడే. అమెరికన్ పెట్టుబడిదారీ వ్యవస్థ తన ఇనుప రాజ్యానికి నిజాయితీకి గుర్తైన ప్రాణి పేరు పెట్టుకున్నదంటే, దానికి ఆ భాష తెలియకపోవటమే కారణం.

ఈ కథలను ఇంగ్లీషు పాఠకులకు మొదట విస్తారంగా అందించినవాడు హెన్రీ రో స్కూల్‌క్రాఫ్ట్. 1822లో సూ సెయింట్ మేరీ అనేచోట ప్రభుత్వం తరఫున ‘ఇండియన్ ఏజెంటు’గా చేరాడు. మరుసటి ఏడు జేన్ జాన్‌స్టన్‌ను పెళ్లాడాడు. ఆమె తల్లి ఒజిబ్వే. ఆమె స్వయంగా రెండు భాషలలో కవిత్వం రాసింది. భర్త 1839లో అచ్చువేసిన కథల సంపుటానికి ఆధారం చాలావరకు ఆమె, ఆమె పుట్టింటివారు. పండితుడన్న కీర్తి భర్తకు దక్కింది. ఈ స్కూల్‌క్రాఫ్టే 1836లో ప్రభుత్వ ప్రతినిధిగా కూర్చొని, ఒట్టావా, ఒజిబ్వే జాతులచేత మిషిగన్‌లో విశాలమైన భూభాగాన్ని ఒడంబడికమీద రాయించుకున్నాడు. ఒక చేత్తో కథ, మరొక చేత్తో భూమి! జానపద విజ్ఞాన చరిత్రలో ఈ మనిషికి పెద్దపీట వేస్తున్నారు. వెయ్యవలసిందే. కాని ఆ రెండో చెయ్యిని పాదసూచికలో దాచటం న్యాయం కాదు.

1854 సెప్టెంబరు 30న లా పాయింట్‌లో జరిగిన మరొక ఒడంబడికలో సుపీరియర్ సరస్సుకు ఉత్తరాన వున్న మిన్నెసోటా కోణభూమి అంతా ప్రభుత్వానికి పోయింది. మెసాబీ శ్రేణిలో పెద్దభాగం అందులోదే. ఒజిబ్వేలకు రిజర్వేషన్లు మిగిలాయి. ఇచ్చివేసిన భూమిలో వేటాడే, చేపలు పట్టే హక్కు కాగితంమీద మిగిలింది. మరుసటి ఏడు, 1855లో, రెండు సంగతులు జరిగాయి. సూ దగ్గర జలపాతాన్ని తప్పించి ఓడలు నడిపే కాలువ తెరిచారు. ఇనుప ఖనిజం తూర్పు కొలుములకు పోవటానికి దారి పడింది. అదే ఏడు లాంగ్‌ఫెలో ‘హయవాథా’ కావ్యం వెలువడింది. స్కూల్‌క్రాఫ్ట్ సేకరించిన ఒజిబ్వే కథలను తీసుకొని, నాయకుడికి మాత్రం వేరొక జాతిలోని చారిత్రక పురుషుడి పేరు పెట్టి రాసిన కావ్యమిది. చివర నాయకుడు తనవారిని తెల్ల పాదరీలమాట వినమని చెప్పి, తన దారిన తాను పడమటికి పడవ నడుపుకుంటూ వెళ్లిపోతాడు. ఒడంబడికమీద సంతకాల తడి ఆరకముందే కావ్యనాయకుడు నేలను ఖాళీచేసి పోవటం పాఠకులకు ఎంత హాయిగా వుండివుంటుందో ఊహించండి. కవికి దురుద్దేశం వుందని నేననను. కాని ఆ కరుణరసం భూమి పోయినవాడికంటె భూమి దొరికినవాడికే ఎక్కువ ఊరట ఇచ్చింది.

2. ‘కనిపెట్టినవాళ్లు’

మెసాబీ ఇనుమును కనిపెట్టినవారుగా డులూత్ రేవుపట్టణానికి చెందిన మెరిట్ సోదరులను చెబుతారు. వాళ్లు కలప కోసం అడవులు తిరిగి అంచనా వేసేవారు. దిక్సూచి ముల్లు ఆ కొండల దగ్గర పిచ్చిగా తిరగటం గమనించారు. ఏళ్లతరబడి వెతికారు. 1890 నవంబరు 16న, వాళ్ల మనుషులు నేడు మౌంటెన్ ఐరన్ అని పిలిచేచోట గొయ్యి తవ్వి మేలైన ఖనిజాన్ని చూశారు. గనుల నిపుణులు అంతకుముందు ఆ శ్రేణిని తోసిపుచ్చారు. కారణం వుంది. వాళ్లకు తెలిసిన ఇనుప ఖనిజం గట్టి రాయి. భూమిలోపల నిలువుగా దిగివుంటుంది. మెసాబీలోది ఎర్రని పొడిమట్టిలాగ మెత్తగా, నేలకు దగ్గరగా, పరచినట్లుగా వుంది. సొరంగం తవ్వనక్కరలేదు. పైమట్టి తీసి, ఆవిరియంత్రపు పారతో నేరుగా రైలుపెట్టెలలోకి ఎత్తిపోయవచ్చు.

1889 నాటి మిన్నెసోటా చట్టం ఇంకొక సౌకర్యం కల్పించింది. రాష్ట్ర ప్రభుత్వభూమిలో ఖనిజానికి 50 ఏళ్ల లీజు; టన్నుకు 25 సెంట్ల రాయల్టీ. లీజులు పుట్టగొడుగులలాగ లేచాయి. మెరిట్‌లు ఎన్నో లీజులు తీసుకొని, 1892లో సొంత రైలుమార్గం వేసి ఆ శరత్తులో మొదటి ఖనిజం పంపారు. ఆ రైలు కంపెనీ పేరులోనూ ‘మిస్సాబె’ వుంది. అదే ఏడు, పిట్స్‌బర్గు నుంచి హెన్రీ ఆలివర్ అనే వ్యాపారి ఒక రాజకీయ మహాసభకోసం మినియాపోలిస్ వచ్చి, ఈ వార్త విని, పనిలోపనిగా ఉత్తరానికి పోయి మెరిట్‌ల దగ్గర ఒక గనిని గుత్తకు తీసుకున్నాడు. అదే మన మిస్సాబె మౌంటెన్. త్వరలోనే ఉక్కు ప్రభువు కార్నెగీ అతనితో భాగస్వామి అయ్యాడు.

1893లో అమెరికాలో గొప్ప ఆర్థిక సంక్షోభం వచ్చింది. రైలుమార్గానికి అప్పులు చేసిన మెరిట్‌లకు డబ్బు పుట్టలేదు. అప్పుడు చమురు ప్రభువు జాన్ రాక్‌ఫెల్లర్ ఆదుకున్నాడు. అతని తరఫున బేరాలు నడిపిన గేట్స్ పూర్వాశ్రమంలో క్రైస్తవ బోధకుడు. 1894 నాటికి మెరిట్‌ల వాటాలన్నీ రాక్‌ఫెల్లర్ సొంతమయ్యాయి. మెరిట్‌లు మోసం జరిగిందని దావా వేశారు. కింది కోర్టులో గెలిచారు. పైకోర్టులో తీర్పు తిరగబడింది. చివరికి 1897లో 5,25,000 డాలర్లు పుచ్చుకొని, మోసమేమీ జరగలేదని కాగితంమీద సంతకంపెట్టి రాజీపడ్డారు. 1901లో కార్నెగీ, రాక్‌ఫెల్లర్ ఆస్తులు రెంటినీ కలుపుకొని యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కార్పొరేషన్ ఏర్పడింది. ఆలివర్ పేరుమీద వున్న గనుల కంపెనీ దాని చెయ్యిగా మెసాబీని ఏలింది.

అమెరికాలో ఈ మెరిట్‌ల కథను చెప్పేటప్పుడు వీరగాథ ధోరణి ఒకటి వుంది: అమాయకులైన అడవిబిడ్డలు, వాళ్లను మింగిన తూర్పు షావుకార్లు. ఈ ధోరణికి మన విద్యార్థులుకూడ తేలికగా లొంగుతారు, ఎందుకంటే రాక్‌ఫెల్లర్‌ను తిట్టటం మనకిష్టం. కాని మెరిట్‌లు కోల్పోయింది ఏమిటి? 36 ఏళ్ల కిందట వేరొకరి దగ్గర తీసుకున్న భూమిలోని లీజులు. చిన్న పెట్టుబడిని పెద్ద పెట్టుబడి మింగటం ఒక దోపిడీయే. దానికి ముందే జరిగిన దోపిడీని అది చెరిపివెయ్యదు. తెర లేచినప్పుడు రంగంమీద వున్నది మెరిట్‌లు కాబట్టి నాటకం అక్కడే మొదలైందని అనుకోవటం చూసేవాడి పొరపాటు.

3. తవ్వినవాళ్లు

ఒక మహాకాయుడు వుంటే తప్ప కదలదనిపించేంత మట్టిని కదిలించినవాళ్లు ఎవరు? ఫిన్లండు నుంచి, ఇటలీ నుంచి, క్రొయేషియా, స్లొవేనియా, మాంటెనీగ్రోల నుంచి వచ్చిన రైతుబిడ్డలు. మేస్త్రీలు తరుచుగా ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన పాత గనివాళ్లు. జాతికొక మెట్టు, భాషకొక మెట్టు. ఒకరిమాట ఒకరికి తెలియనంతకాలం కంపెనీకి నిద్రపట్టింది.

భూగర్భగనులలో కూలి గుత్తపద్ధతిమీద వుండేది. ఎంత ఖనిజం తీస్తే ఎంత ఇస్తారో మేస్త్రీ నిర్ణయిస్తాడు. మంచిచోట పని దొరకాలంటే మేస్త్రీ చెయ్యి తడపాలి. ఎక్కువ తీస్తే తరువాత రేటు తగ్గిస్తారు. పారచేత పట్టుకున్నవాడికి నెల చివర చేతికి ఎంత వస్తుందో ముందుగా తెలియదు. ఇది మన పాఠకులకు విడమరచి చెప్పవలసిన సంగతి కాదు.

1907 జూలైలో పశ్చిమ గనికార్మికుల సమాఖ్య నాయకత్వాన మొదటి పెద్ద సమ్మె జరిగింది. ఇటలీ నుంచి వచ్చిన సోషలిస్టు పెట్రియెల్లా దాని నిర్వాహకుడు, వెన్నెముక ఫిన్నులు. కంపెనీ కొత్తగా వలసవచ్చినవారిని తెచ్చి సమ్మెను విరగ్గొట్టింది. ముందుండి నడిపిన ఫిన్నులను నల్లజాబితాకు ఎక్కించింది. అదే చలికాలం డులూత్ కోర్టులో ఒక విచిత్రం జరిగింది. ఫిన్నులు ‘మంగోలు జాతివారు’ కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని ప్రభుత్వ న్యాయవాది వాదించాడు! 1908 జనవరిలో న్యాయమూర్తి ఆ వాదాన్ని కొట్టివేశాడు. తెల్లదనంకూడ ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు తీసెయ్యాలో యజమానుల అవసరమే నిర్ణయించజూస్తుందనటానికి ఇంతకంటె మంచి నిదర్శనం నాకు దొరకలేదు.

నల్లజాబితా ఫిన్నులను అణచలేదు. పని దొరకనివారు చెట్లు నరికిన మోడుభూములు కొని రాళ్లు ఏరి సేద్యం చేశారు. ఊరూరా సమావేశ మందిరాలు కట్టుకున్నారు. వర్జీనియా పట్టణంలో 1913లో సోషలిస్టు ఒపెరా హౌస్ కట్టారు. అందులో నాటకాలు, గ్రంథాలయం, వ్యాయామం, ఉపన్యాసాలు. డులూత్ దగ్గర కార్మిక కళాశాల నడిపారు. గని నుంచి ఎర్రమట్టితో వచ్చినవాడు సాయంకాలం నాటకంలో వేషం కట్టేవాడు. మన ప్రజానాట్యమండలి సంగతి తెలిసినవారికి ఆ వాతావరణం పరాయిదిగా తోచదు.

1916 జూన్ మొదట్లో అరోరా అనే ఊరిలోని సెయింట్ జేమ్స్ గనిలో జో గ్రీని అనే ఇటాలియన్ కార్మికుడు గుత్తపద్ధతికి విసిగి పని వదిలి బయటికి నడిచాడు. అతనితో మిగిలినవాళ్లూ నడిచారు. వాళ్లు ఊరి నుంచి ఊరికి కాలినడకన పోతూ శ్రేణి పొడుగునా పని ఆపించారు. వేలమంది సమ్మెలోకి వచ్చాక, పారిశ్రామిక కార్మికుల అంతర్జాతీయ సంఘం—‘వాబ్లీలు’—నిర్వాహకులను పంపింది. ఎలిజబెత్ గర్లీ ఫ్లిన్, కార్లో ట్రెస్కా వచ్చారు. కోరికలు ఏమిటి? ఎనిమిది గంటల పనిదినం, గుత్తపద్ధతి రద్దు, శనివారం రాత్రి పాళీ రద్దు, నెలకు రెండుసార్లు జీతం. జూన్ 22న వర్జీనియాలో జాన్ అలార్ అనే క్రొయేషియన్ కార్మికుణ్ణి తుపాకితో కాల్చిచంపారు. జూలైలో బివాబిక్ దగ్గర ఒక కార్మికుడి ఇంట్లోకి కంపెనీ మనుషులు, డెప్యూటీలు చొరబడినప్పుడు జరిగిన ఘర్షణలో ఇద్దరు చనిపోతే, అక్కడ లేనే లేని ట్రెస్కా తదితరులను హత్యకేసులో జైలుకు పంపారు. సెప్టెంబరులో సమ్మె ముగిసింది. ఓడిపోయింది అని రాస్తారు. అయితే అటుపిమ్మట కంపెనీలు కూలి పెంచాయి. డిసెంబరు చివర వర్జీనియాలోని కలపమిల్లు కార్మికులు అదే బాట పట్టారు. 1917లో రాష్ట్ర శాసనసభ ఇలాంటి సంఘాలను నేరంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. ఓడిపోయినవాళ్లకోసం కొత్త చట్టాలు అవసరంకావు గదా! సంఘానికి గుర్తింపు రావటానికి 1930ల చివరిదాకా, రెండవ ప్రపంచయుద్ధ కాలందాకా ఆగవలసివచ్చింది.

4. రెండు పురాణాలు కలుసుకున్నచోటు

సాహిత్య విద్యార్థిగా నన్ను ఈ చరిత్రలో ఎక్కువగా పట్టి నిలిపిన అంశం ఇక్కడ వుంది. లాంగ్‌ఫెలో తన ‘హయవాథా’కు ఛందస్సును ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడు? ఎలియాస్ లోన్‌రాట్ ఫిన్లండు పల్లెపాటకుల నోటినుంచి సేకరించి 1835లోనూ, పెంచి 1849లోనూ ప్రకటించిన ‘కలేవల’ నుంచి. ఒజిబ్వేల కథ, ఫిన్నుల నడక. రెండూ పేదజాతుల నోటిసొత్తు. ఆ రెంటినీ కలిపి బోస్టను పెద్దమనుషుల బల్లమీద పెట్టారు. అరవై ఏళ్లు గడవకముందే ఆ ‘కలేవల’ను కన్న జాతిబిడ్డలు పొట్టచేత పట్టుకొని, ఆ ఒజిబ్వేలు పోగొట్టుకున్న కొండలోనే ఇనుము తవ్వటానికి వచ్చారు.

‘కలేవల’లో ఇనుము పుట్టుకను చెప్పే ఘట్టం వుంది. ముగ్గురు కన్యల పాలు నేలమీద ఒలికి ఇనుమయ్యాయట. ఒకరివి నల్లనివి, ఒకరివి తెల్లనివి, ఒకరివి ఎర్రనివి. ఇనుము కొలిమిలో పడి, తన సోదరులకు హాని చెయ్యనని ఒట్టు పెట్టుకుంటుంది. కమ్మరి దాన్ని పదును పెట్టే నీటిలో కలపటానికి తేనె కోరితే, కందిరీగ విషం తెచ్చి పోస్తుంది. ఆ విషంవల్ల ఇనుము ఒట్టు తప్పి మనిషిని నరుకుతుంది. ఇనుములో సహజంగా చెడు లేదు, మధ్యలో ఒకడు విషం కలిపాడు అని ఆ పల్లెపాటకుడికి తెలుసు. రెండు ప్రపంచయుద్ధాలలోనూ అమెరికా ఉక్కుకు అధికభాగం ఖనిజం మెసాబీ నుంచే పోయింది. ఎర్రమట్టి ఎవరి పాలు, విషం ఎవరిదీ అనే ప్రశ్నను ఆ పాట అప్పటికే వేసివుంది.

ఫిన్నులకు, ఒజిబ్వేలకు మధ్య అడవిలో స్నేహాలూ, పెళ్లిళ్లూ జరిగాయి. ఆ ప్రాంతంలో ఆ మిశ్రసంతతి వుంది. అయినా కార్మికోద్యమం ఒజిబ్వేల భూమి ప్రశ్నను తన కోరికల జాబితాలో చేర్చలేదు. గనిలోకి దిగినవాడికి గనిమీదివాడు కనిపించాడుగాని, గనికి ముందున్నవాడు కనిపించలేదు. ఆ యోధుల త్యాగాన్ని తక్కువచెయ్యటానికి ఈ మాట అనటంలేదు. మన ఉద్యమాలుకూడ ఆదివాసి భూములలో వెలసిన కర్మాగారాల కూలిరేట్లమీద గట్టిగా పోరాడి, ఆ భూములసంగతి ఆలస్యంగా ఎత్తుకున్నాయి. కాబట్టి ఆ లోపాన్ని పరాయివారిదిగా చూడటం మనకు తగదు.

5. కంపెనీ పుట్టించిన మహాకాయుడు

మిసాబే పేరు పటంమీద గీతగా మిగిలాక ఆ ప్రాంతానికి ఇంకొక మహాకాయుడు వచ్చాడు. పేరు పాల్ బన్యన్. ఒక్క వేటుకు అడవి నరుకుతాడు. నీలిరంగు ఎద్దును తోలుతాడు. అతని అడుగుజాడలే మిన్నెసోటా సరస్సులయ్యాయంటారు. కలప శిబిరాలలో కూలీలు ఇలాంటి గొప్పలు కొన్ని చెప్పుకునేవారు, నిజమే. అయితే ఇతణ్ణి దేశమంతా ఎరిగిన వీరుడుగా చేసింది ఒక కలప కంపెనీ. 1914లో లాఫ్‌హెడ్ అనే ప్రకటనల రచయిత రెడ్ రివర్ లంబర్ కంపెనీ సరుకు అమ్మకంకోసం అచ్చువేసిన కరపత్రాల నుంచి ఈ మహాకాయుడు పెరిగాడు. జానపద విద్వాంసుడు రిచర్డ్ డార్సన్ 1950లో నకిలీ జానపదం అనే అర్థంలో ఒక కొత్తమాట కల్పించినప్పుడు, అతని మనసులో ముఖ్యంగా వున్నది ఇదే.

ఈ ఇద్దరు మహాకాయులను పక్కపక్కన నిలబెట్టి చూడండి. మిసాబే కొండతో కలిసి బతికే వాడు. పాల్ బన్యన్ అడవిని నరకటమే పనిగా పుట్టినవాడు. అతనికి జీతం లేదు, మేస్త్రీ లేడు, చెట్టు మీదపడి నడుము విరగదు, సమ్మె చెయ్యడు. వెయ్యిమంది కూలీల చెమటను ఒక్క నవ్వించే బొమ్మకింద మార్చేస్తే, ఆ వెయ్యిమంది పేర్లు ఎవరూ అడగరు. బెమిజీ పట్టణంలో 1937 నుంచి అతని పెద్ద విగ్రహం వుంది. జాన్ అలార్‌ను ఎరిగినవారు ఎందరు?

జనం తమ అనుభవానికి రూపమిచ్చుకుంటే జానపదం. ఆ అనుభవాన్ని కప్పిపుచ్చటానికి యజమాని తయారుచేయిస్తే ప్రకటన. రెండూ ఒకే వేషంలో వస్తాయి. వాటిని వేరుచేసి చెప్పటం విమర్శకుడి పని.

6. నీళ్లు నిండిన గొయ్యి

1950ల నాటికి మెసాబీలో మేలైన మెత్తని ఖనిజం తరిగిపోయింది. టాకొనైట్ అనే గట్టి రాతిని పొడిచేసి, అయస్కాంతంతో ఇనుమును వేరుచేసి, గుళికలుగా కాల్చే పద్ధతిని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిస్ అనే ఆచార్యుడు దశాబ్దాలు శ్రమించి సాధించాడు. దానితో శ్రేణికి రెండో బతుకు వచ్చింది. ఆ బతుకుతోపాటు సుపీరియర్ సరస్సులోకి ఒక్క కర్మాగారం నుంచే రోజుకు 67,000 టన్నుల రాతిపొడి పోసేవారు. 1972లో మొదలైన దావా తరువాత, 1980లోగాని అది ఆగలేదు. పాత గనులు ఒక్కొక్కటే పాడుపడ్డాయి. మిస్సాబె మౌంటెన్ పక్కనున్న రౌష్లో గనితో కలిసిపోయి ఒకే పెద్ద గొయ్యి అయింది. పంపులు ఆపాక దానిలోకి నీరు ఊరింది. ఎర్రని గోడలమధ్య లోతైన నీలపు మడుగు.

వర్జీనియా పట్టణానికి తాగునీరు ఆ గొయ్యి నుంచే వస్తుంది. పట్టణం పక్కనుంచి పోయే రహదారికథ ఇంకా చెప్పుకోదగ్గది. 1960లో ఆ రోడ్డుకు చోటు ఇచ్చినప్పుడు, అడుగున వున్న ఖనిజం కావలసివస్తే రోడ్డును ప్రభుత్వమే తరలించాలని ఒప్పందం రాసుకున్నారు. యాభై ఏళ్ల తరువాత ఖనిజం కావలసివచ్చింది. ప్రభుత్వం ప్రజల సొమ్ముతో రౌష్లో గొయ్యికి అడ్డంగా సుమారు 200 అడుగుల ఎత్తున వంతెన కట్టి, 2017లో దారి మళ్లించింది. దానికి వందేళ్లకు ముందు, 1919 నుంచి, హిబ్బింగ్ ఊరినే ఇళ్లతోసహా దుంగలమీద దొర్లించి పక్కకు జరిపారు. భూమిపైన ఎవరున్నా, భూమికింది హక్కుదారే పెద్ద అన్న నియమం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఒజిబ్వేల సంగతి ఏమైంది? 1854 ఒడంబడికలో కాగితంమీద మిగిలిన వేట, చేపల హక్కును పట్టుకొని వాళ్ల సంతతి 1980లలో కోర్టుకెక్కింది. 1988లో రాష్ట్రం వాళ్లతో కొత్త ఒప్పందం చేసుకోక తప్పలేదు. సూ కాలువ తెరిచిన ఏడు కావ్యంలో పడమటికి పంపించిన మనిషి ఎక్కడికీ పోలేదు. అతని మునిమనుమలు తాతలు దాచిన కాగితంతో తిరిగి ఎదుట నిలబడ్డారు.

ఈ చరిత్రలో మనకు ఏమి పనివుందని ఎవరైనా అడగవచ్చు. బస్తర్‌లో బైలదిల్లా వుంది. ఆ మాటకు అర్థం ఎద్దు మూపురం. 1960ల చివరినుంచి ఆ మూపురాన్ని తవ్వి, కొత్తవలస రైలుమార్గంమీద విశాఖపట్నం చేర్చి, జపానుకు ఓడలెక్కించారు. ఆ రైలు మన అరకు లోయమీదుగానే పోతుంది. 2019 జూన్‌లో ఆ శ్రేణిలోని పదమూడో నిక్షేపాన్ని ఒక ప్రయివేటు సంస్థ తవ్వకానికి అప్పగించినప్పుడు వేలమంది ఆదివాసులు కిరందుల్ దగ్గర రోజులతరబడి బైఠాయించారు. ఆ కొండ తమ నందరాజు దేవుడిదని వాళ్లు చెప్పారు. పత్రికలు దాన్ని ‘నమ్మకం’ అని రాశాయి. నమ్మకమే. దానితోపాటు అది హద్దురాయి, పట్టా, తరాల సాక్ష్యం. రాతలేని జాతికి భూమి దస్తావేజు కథలోనే వుంటుంది.

అందుకని మన తెలుగు శాఖలలో స్థలనామాలమీద, గిరిజన కథలమీద పనిచేసే విద్యార్థులకు నా సూచన ఒకటి. కథను ఎత్తిరాసుకున్న పుటకు ఎదుటి పుటలో మూడు సంగతులు రాయండి: ఆ కొండ ఏ సర్వే నంబరులో వుంది, ఏ సంవత్సరంలో ఎవరి పేరుకు మారింది, అక్కడ ఎవరు పనిచేశారు, ఎంత కూలికి. స్కూల్‌క్రాఫ్ట్ వదిలేసిన పుట అది. ఆయన వదిలేసినందువల్లనే ఆయన పుస్తకం చదివినవారికి కథలు తెలిశాయిగాని, మెసాబీ ఎలా చేజారిందో తెలియలేదు. బైలదిల్లా విషయంలో ఆ పుటను రాయటానికి మనకు ఇంకా వ్యవధి వుంది.